పాత అవుట్‌బోర్డ్ ఇంజిన్ కొంటున్నారా? కంప్రెషన్ గేజ్ చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. పశ్చిమ తీరంలో ఈ గడువు జూన్ 1 నుంచి జూలై 31 వరకు. 61 రోజుల ఈ విరామంలో వలలు బాగుచేసుకోవడం, పడవలకు రంగులు వేయడం, ఇంజిన్లను విప్పి చూసుకోవడం వంటి పనులు సాగుతాయి. పాత ఇంజిన్లు చేతులు మారడం కూడా ఈ రోజుల్లో మామూలే. నిషేధం ముగిసే నాటికి పడవ సిద్ధంగా ఉండాలన్న తొందరలో బేరాలు త్వరగా తెగుతాయి.

చిన్న పడవపై ఆధారపడిన కుటుంబానికి కొత్త అవుట్‌బోర్డ్ ఇంజిన్ ధర పెద్ద భారం. అందుకే అప్పు చేసైనా పాతది కొంటారు. ఒడ్డున తాడు లాగగానే ఇంజిన్ మోగుతుంది, వినడానికి బాగానే ఉంటుంది. అదే ఇంజిన్ వలల బరువుతో, ఎదురు అలలపై గంటసేపు పూర్తి వేగంతో నడిచాక శక్తి కోల్పోవచ్చు, పిస్టన్ పట్టేయవచ్చు. తీరం కనుచూపు మేరలో లేని చోట అలా జరిగితే ఆ రోజు వేట పోవడం చిన్న నష్టం. వాతావరణం మారితే ప్రాణాలకే ముప్పు.

ఈ ప్రమాదాన్ని కొంతమేరకు ముందుగానే పసిగట్టే పరీక్ష ఒకటుంది. ఇంజిన్‌ను విప్పకుండా, స్పార్క్ ప్లగ్గు స్థానంలో ఒక గేజ్ బిగించి, సిలిండర్ లోపల ఎంత ఒత్తిడి ఏర్పడుతోందో చూస్తారు. దీనినే కంప్రెషన్ పరీక్ష అంటారు. పనిముట్టు చిన్నది, పట్టే సమయం పావుగంట. అయితే ఈ పరీక్ష చుట్టూ ఒక అపోహ ఉంది. గేజ్‌పై పెద్ద అంకె కనిపిస్తే ఇంజిన్ మంచిదని, చిన్న అంకె కనిపిస్తే చెడ్డదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక్క అంకెకు విడిగా పెద్ద విలువ లేదు. ఒకే ఇంజిన్‌లోని సిలిండర్ల మధ్య తేడా ఎంత, ఆ అంకెను ఏ పరిస్థితుల్లో తీశారు అన్నవే అసలు విషయాలు.

పడవ వెనుక వేలాడే ఇంజిన్

అవుట్‌బోర్డ్ ఇంజిన్ పడవ లోపల కాకుండా వెనుక అంచుకు బిగించి ఉంటుంది. పైన ఇంజిన్, మధ్యలో పొడవైన కాడ, కింద నీటిలో గేర్ల పెట్టె, ప్రొపెల్లర్. అవసరమైతే మొత్తం ఇంజిన్‌ను విప్పి భుజాన మోసుకుపోవచ్చు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఇలాంటి ఇంజిన్లను అమ్మకానికి తెచ్చి వాటికి వ్యాపారపరమైన విజయం సాధించిపెట్టారు.

భారతదేశంలో ఈ ఇంజిన్లు అత్యధికంగా కనిపించే తీరాలలో కేరళ ముందుంటుంది. 1980లలో అక్కడి సంప్రదాయ పడవలకు ఇవి వేగంగా అమరాయి. యమహా, సుజుకి వంటి జపాన్ కంపెనీల ఇంజిన్లు, వాటిలోనూ కిరోసిన్‌తో నడిచే నమూనాలు అక్కడి మత్స్యకారుల జీవనంలో భాగమయ్యాయి. శ్రీలంకలోనూ ఫైబర్ పడవలకు అవుట్‌బోర్డ్ ఇంజిన్లే ఆధారం. 2022 ఆర్థిక సంక్షోభంలో అక్కడ లీటరు కిరోసిన్ ధర 87 రూపాయల నుంచి ఒక్కసారిగా 340 రూపాయలకు చేరినప్పుడు మొదట దెబ్బతిన్నది ఈ చిన్న పడవల వారే.

ఆంధ్రప్రదేశ్ తీరంలో పరిస్థితి కొంత భిన్నం. ఇక్కడి ఫైబర్ బోట్లపై పొడవాటి కాడతో ఉండే డీజిల్ ఇంజిన్లు కూడా విస్తారంగా ఉన్నాయి. వరద సహాయక బృందాల రబ్బరు పడవలకు, జలాశయాలలోని స్పీడు బోట్లకు మాత్రం అవుట్‌బోర్డ్‌లే వాడతారు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ కథనంలోని పరీక్ష పెట్రోలు, కిరోసిన్ ఇంజిన్లకు సంబంధించినది. డీజిల్ ఇంజిన్‌లో ఏర్పడే ఒత్తిడి దీనికి రెండు మూడు రెట్లు ఉంటుంది. పెట్రోలు ఇంజిన్ గేజ్‌ను దానికి బిగిస్తే గేజ్ పాడవుతుంది, మనిషికి గాయం కావచ్చు.

కంప్రెషన్ ఎలా తగ్గుతుంది?

ఇంధనం, గాలి కలిసిన మిశ్రమం సిలిండర్‌లోకి వచ్చాక పిస్టన్ దానిని నొక్కుతుంది. ఆ మిశ్రమం ఎంత గట్టిగా ఒత్తుకుంటే, ప్లగ్గు నిప్పురవ్వ తగిలినప్పుడు అంత బలంగా మండుతుంది. పిస్టన్‌కు, సిలిండర్ గోడకు మధ్య ఉండే సన్నని సందును పిస్టన్ రింగులు మూస్తాయి. పై భాగాన్ని హెడ్ గాస్కెట్ మూస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అయితే వాల్వులు కూడా బిగుతుగా కూర్చోవాలి. వీటిలో ఏది దెబ్బతిన్నా ఒత్తిడి బయటకు జారిపోతుంది.

సముద్రంలో పనిచేసే అవుట్‌బోర్డ్‌కు ఈ అరుగుదల రోడ్డు మీది బండి కంటే తొందరగా రావడానికి కారణాలున్నాయి. అది గంటల తరబడి దాదాపు పూర్తి వేగంతో నడుస్తుంది. దానిని చల్లబరిచేది సముద్రపు నీరే. పని ముగిశాక మంచినీటితో కడగకపోతే నీటి దారుల్లో ఉప్పు పేరుకుంటుంది, దారులు ఇరుకవుతాయి, ఇంజిన్ వేడెక్కుతుంది. నీటి పంపు కింద గేర్ల పెట్టె దగ్గర ఉంటుంది. సరఫరా తగ్గినప్పుడు పై సిలిండర్‌కు నీరు చాలక ముందుగా అదే దెబ్బతినే అవకాశం ఎక్కువ. వేడికి పిస్టన్ వ్యాకోచించి సిలిండర్ గోడను గీరుతుంది. ఆ గీతల గుండా ఒత్తిడి జారిపోతుంది.

టూ స్ట్రోక్ ఇంజిన్లలో మరో ప్రమాదం ఉంది. వాటికి విడిగా ఇంజిన్ ఆయిల్ ఉండదు. ఇంధనంలో కలిపిన ఆయిలే లోపలి భాగాలకు రక్షణ. చాలా ఆధునిక ఇంజిన్లకు 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు సిఫారసు చేస్తారు. ఖర్చు తగ్గుతుందని ఆయిల్ తగ్గించి నడిపిన ఇంజిన్‌లో ఆ పొదుపు ఫలితం రింగుల మీద కనిపిస్తుంది. కిరోసిన్ ఇంజిన్‌లో పూర్తిగా మండని కిరోసిన్ సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. అందుకే ఈ ఇంజిన్లను పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కిన తర్వాతే కిరోసిన్‌కు మారుస్తారు. ఆపేముందు తిరిగి పెట్రోలుకు తెస్తారు. ఈ క్రమశిక్షణ పాటించిన ఇంజినుకూ, పాటించని ఇంజినుకూ బయటి రంగులో ఏ తేడా కనిపించదు.

పరీక్ష చేసే తీరు

ముందుగా ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడు చూడడం మంచిది. కొనుగోలుదారు వచ్చేసరికి ఇంజిన్ అప్పటికే వేడిగా ఉంటే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడంలో ఉన్న ఇబ్బందిని అది దాచిపెట్టవచ్చు. పైకప్పు తీసి చేతితో తాకి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. 'ఒక్క లాగుకే స్టార్ట్ అవుతుంది' అనే మాటను చల్లని ఇంజిన్ మీదే పరీక్షించాలి.

ఆ తర్వాత ఇంజిన్‌ను పది నిమిషాలు నడపాలి. లోహ భాగాలు వేడికి వ్యాకోచించి తమ అసలు పరిమాణానికి వచ్చాకే గేజ్ సరైన సంగతి చెబుతుంది. అయితే ఒడ్డున నీరు లేకుండా నడపకూడదు. పంపులోని రబ్బరు చక్రం నీరు లేకపోతే కొద్దిసేపటికే కాలిపోతుంది. కింది భాగం మునిగేలా నీళ్ల డ్రమ్ములో పెట్టి గానీ, నీరు పీల్చుకునే చోట మంచినీటి గొట్టం అమర్చి గానీ నడపాలి. నడుస్తున్నప్పుడు పక్కనుంచి సన్నని నీటి ధార బయటకు వస్తుండాలి. ధార బలహీనంగా ఉన్నా, ఆగి ఆగి వస్తున్నా నీటి దారుల్లో అడ్డంకి ఉందని అనుమానించవలసిందే.

ఇంజిన్ ఆపిన తర్వాత స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పాలి. పరీక్షించే సిలిండర్‌ది ఒక్కటే విప్పితే మిగిలిన సిలిండర్లు అడ్డుపడి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, అంకె తగ్గుతుంది. ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో తెలిసేలా వరుసగా పెట్టుకోవాలి. ఆ ప్లగ్గులు కూడా సాక్షులే. అన్నింటి కొసలూ ఒకే రంగులో ఉంటే మంచిది. ఒకటి నల్లగా జిడ్డుగా ఉండి మరొకటి తెల్లగా కాలిపోయి ఉంటే రెండు సిలిండర్లూ ఒకేలా పనిచేయడం లేదని అర్థం. ఒక ప్లగ్గు మాత్రం ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకి నీరు చేరుతోందేమో చూడాలి.

తర్వాతి మెట్టును చాలామంది వదిలేస్తారు. అది ప్రమాదకరం. ప్లగ్గులు విప్పిన రంధ్రాల నుంచి ఇంధనపు ఆవిరి బయటకు వస్తుంది. ప్లగ్గు తీగలు గాలిలో వేలాడుతుంటే వాటి నుంచి వచ్చే నిప్పురవ్వకు మంట అంటుకోవచ్చు. తీగలు వేలాడుతూ ఉండగా ఇంజిన్‌ను తిప్పితే కొన్ని నమూనాలలో ఇగ్నిషన్ యూనిట్ కూడా దెబ్బతింటుంది. అందువల్ల తీగలను ఇంజిన్ లోహ భాగానికి తగిలించి ఎర్త్ చేయాలి, ఇంజిన్‌ను ఆపే కిల్ స్విచ్ తాడును లాగి ఉంచాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ నిలబడకూడదు.

ఇప్పుడు గేజ్‌ను మొదటి సిలిండర్‌కు బిగిస్తారు. మరలా తిప్పి బిగించే గేజ్ చేతితో నొక్కిపట్టుకునే రబ్బరు మూతి గేజ్ కంటే నమ్మదగినది. మర పొడవు ఆ ఇంజిన్ ప్లగ్గు పొడవుకు సరిపోవాలి. మరీ పొడవైతే పిస్టన్‌కు తగులుతుంది. పొట్టిదైతే లోపల అదనపు ఖాళీ మిగిలి అంకె తక్కువ చూపిస్తుంది.

థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచడం అన్నింటికంటే ముఖ్యం. అది మూసి ఉంటే సిలిండర్‌లోకి తగినంత గాలి వెళ్లదు, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ కూడా రోగిష్టిదానిలా కనిపిస్తుంది. చాలా చిన్న ఇంజిన్లలో న్యూట్రల్‌లో ఉన్నప్పుడు పిడి పూర్తిగా తిరగదు. అప్పుడు కార్బ్యురేటర్ మీది కాడను చేతితో నొక్కి తెరవాలి. మంచి ఇంజిన్‌ను చెడ్డదని వదులుకోవడానికి ఈ ఒక్క పొరపాటు చాలు.

ఆపై తాడును ఒకే బలంతో ఐదారుసార్లు లాగాలి. సెల్ఫ్ స్టార్టర్ ఉంటే సూది ఇక పెరగదనిపించేవరకు తిప్పాలి. సూది చివరికి ఎక్కడ ఆగిందన్నదే కాకుండా ఎలా పెరిగిందన్నదీ గమనించాలి. మొదటి లాగుకే సగానికి పైగా ఎగిరి రెండు మూడు లాగులకు స్థిరపడితే రింగులు బాగున్నట్టు. ప్రతి లాగుకూ కొంచెం కొంచెంగా మెట్లెక్కుతూ పోతే, చివరి అంకె బాగానే ఉన్నా రింగుల వద్ద జారుడు ఉందని అనుమానించాలి. మిగతా సిలిండర్లకూ ఇదే పద్ధతి. చివరగా మొదటి సిలిండర్‌ను మరోసారి చూడడం మంచి అలవాటు. మధ్యలో బ్యాటరీ బలహీనపడినా, లాగే చేయి అలసినా ఆ రెండో అంకె పట్టిస్తుంది.

అంకెలను చదవడం

గేజ్‌లు సాధారణంగా చదరపు అంగుళానికి పౌండ్లలో, అంటే పీఎస్‌ఐలో, లేదా చదరపు సెంటీమీటరుకు కిలోలలో చూపిస్తాయి. ఒక కిలో అంటే సుమారు 14.2 పీఎస్‌ఐ. ఒకరు 'ఎనిమిదిన్నర' అని, మరొకరు 'నూట ఇరవై' అని చెబితే ఇద్దరూ దాదాపు ఒకే మాట చెప్పినట్టే.

పెట్రోలుతో నడిచే అనేక టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్‌లలో 90 నుంచి 130 పీఎస్‌ఐ మధ్య అంకెలు కనిపిస్తాయి. కానీ ఇది స్థూలమైన అంచనా మాత్రమే. ఆ మోడల్‌కు కంపెనీ సర్వీసు పుస్తకంలో ఇచ్చిన విలువే ప్రమాణం. అది దొరకనప్పుడు సిలిండర్ల మధ్య పోలిక మీద ఆధారపడాలి. తేడా 10 శాతంలోపు ఉంటే మెకానిక్‌లు సాధారణంగా సంతృప్తి చెందుతారు. 15 శాతం దాటితే కారణం తెలుసుకోకుండా డబ్బు ఇవ్వకూడదంటారు.

రెండు సిలిండర్ల ఇంజిన్లు రెండింటిని ఊహించుకుంటే ఇది స్పష్టమవుతుంది. మొదటి ఇంజిన్‌లో 130, 100 అని, రెండో ఇంజిన్‌లో 102, 99 అని అంకెలు వచ్చాయనుకుందాం. అమ్మే వ్యక్తి సహజంగానే 130 అంకెను చూపి మొదటిదానిని పొగుడుతాడు. కానీ దానిలో తేడా 23 శాతం. ఒక సిలిండర్ బాగున్నా రెండోది దెబ్బతింటోంది, బరువంతా మొదటిదాని మీద పడుతోంది. రెండో ఇంజిన్‌లో తేడా 3 శాతమే. అది అరిగి ఉండవచ్చు, అయినా సమంగా అరిగింది. పాత ఇంజిన్ కొనేవారికి సాధారణంగా రెండోదే మేలు.

పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో మాత్రమే ఒత్తిడి బాగా తక్కువగా ఉండి మిగతావి బాగుంటే, ఆ రెండింటి మధ్య హెడ్ గాస్కెట్ కాలిపోయి ఉండవచ్చు. గాస్కెట్ మార్పుతో సరిపోతే అది చిన్న మరమ్మతే. ఒకే సిలిండర్‌లో అంకె సున్నాకు దగ్గరగా ఉంటే పిస్టన్‌కు రంధ్రం పడటమో, రింగు విరగడమో జరిగి ఉండవచ్చు. అప్పుడు బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్ వేయవలసి వస్తుంది. అంతకుముందే ఒకటి రెండుసార్లు బోరు అయిన సిలిండర్ అయితే ఆ అవకాశం కూడా మిగలకపోవచ్చు.

కంపెనీ విలువ కంటే అంకె బాగా ఎక్కువగా రావడం కూడా శుభసూచకం కాదు. పిస్టన్ తలపైనా, హెడ్ లోపలా మసి గట్టిగా పేరుకుపోతే లోపలి ఖాళీ తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. లేదా కొద్దిసేపటి క్రితమే ఎవరో సిలిండర్‌లో ఆయిల్ పోసి ఉండవచ్చు.

కిరోసిన్ ఇంజిన్ల విషయంలో కొనేవారు తరచుగా తికమక పడతారు. కిరోసిన్ పెట్రోలులా ఎక్కువ ఒత్తిడిని తట్టుకోలేదు, తనంతట తానే మండి లోపల టకటకమనే చప్పుడు పుట్టిస్తుంది. అందుకే కంపెనీలు ఈ నమూనాలను తక్కువ కంప్రెషన్‌తోనే తయారుచేస్తాయి. అదే శక్తి గల పెట్రోలు ఇంజిన్‌తో పోల్చి, అంకె తక్కువ వచ్చిందని కిరోసిన్ ఇంజిన్‌ను తిరస్కరించడం సరికాదు. దీనికి వ్యతిరేకమైన సందర్భమూ ఉంది. కిరోసిన్ ఇంజిన్‌కు పెట్రోలు నమూనా హెడ్ బిగిస్తే గేజ్‌పై అంకె గొప్పగా కనిపిస్తుంది, కిరోసిన్‌తో నడిపినప్పుడు పిస్టన్ మాత్రం ఎక్కువకాలం నిలవదు.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లకు మరో మెలిక. తాడు తేలికగా లాగేందుకు వీలుగా కొన్ని చిన్న ఇంజిన్లలో నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు వాల్వును కొద్దిగా తెరిచి ఉంచే ఏర్పాటు ఉంటుంది. అలాంటి వాటిలో గేజ్ తక్కువ అంకె చూపించడం సహజం. ఎత్తు ప్రభావం కూడా ఉంటుంది. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో వాతావరణ పీడనం తీరంలో కంటే 6 శాతం దాకా తక్కువ. విశాఖపట్నంలో 120 చూపిన ఇంజిన్ అక్కడ 113 దగ్గర ఆగితే అది ఇంజిన్ తప్పు కాదు.

అంకె తక్కువగా వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ పరీక్షించే పద్ధతి ఉంది. అంకె పెరిగితే లోపం రింగులదని, పెరగకపోతే గాస్కెట్‌దో వాల్వులదో అని భావిస్తారు. బండి ఇంజిన్లకు ఇది బాగా పనికొస్తుంది. అవుట్‌బోర్డ్‌లో సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి. పోసిన ఆయిల్ కింది వైపుకే చేరుతుంది, పై వైపు రింగులకు అందదు. కాబట్టి ఇక్కడ ఆ ఫలితాన్ని గట్టి సాక్ష్యంగా తీసుకోలేము. దానికంటే ఫోనుకు తగిలించే చిన్న కెమెరా తీగను ప్లగ్గు రంధ్రంలోంచి పంపి గోడలను చూడడం మేలు. నిలువు గీతలు, తుప్పు మచ్చలు, పిస్టన్ అంచున కరిగిన గుర్తులు ఉంటే కంటికే కనిపిస్తాయి.

గేజ్‌కు అందని లోపాలు

అమ్మేవారందరూ మోసగాళ్లు కారు. చాలామందికి తమ ఇంజిన్ లోపల ఏముందో నిజంగానే తెలియదు. అయినా కొన్ని ఉపాయాలు వాడుకలో ఉన్నాయి. చిక్కటి ఆయిల్‌ను సిలిండర్‌లో పోస్తే రింగుల సందులు కాసేపు మూసుకుపోయి అంకె పెరుగుతుంది. స్టార్ట్ చేయగానే మామూలుకు మించి దట్టమైన పొగ రావడం దీనికి గుర్తు. పది నిమిషాలు నడిపాక పరీక్షిస్తే ఆ ఆయిల్ చాలావరకు కాలిపోయి ఉంటుంది.

కొత్త రంగు మరో అనుమానాస్పద విషయం. బోల్టుల మీద కూడా రంగు ఉందా, లేక బోల్టుల తలలు పానా పట్టి గుండ్రంగా అరిగాయా చూడాలి. మొదటిది రంగు ఈమధ్యే వేశారనడానికి, రెండోది ఇంజిన్‌ను తరచుగా విప్పారనడానికి సూచన. సిలిండర్ హెడ్ దగ్గర అసలు రంగు మాడి, పొక్కులు లేచి ఉంటే ఇంజిన్ ఎప్పుడో తీవ్రంగా వేడెక్కిందని అర్థం. కంప్రెషన్ అంకెలు బాగున్నా ఈ గుర్తును తేలికగా తీసుకోకూడదు.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో గేజ్ చూపించని ముఖ్యమైన లోపం క్రాంక్ కేస్ సీళ్లది. ఈ ఇంజిన్లలో మిశ్రమం ముందు క్రాంక్ కేస్‌లోకి వచ్చి అక్కడినుంచి సిలిండర్‌లోకి వెళుతుంది. సీలు అరిగి బయటి గాలి లోపలికి చేరితే మిశ్రమంలో ఇంధనం, దానితోపాటు ఆయిల్ పాలు తగ్గుతాయి. ఆ రోజుకు కంప్రెషన్ బాగానే ఉంటుంది. కొన్ని వారాల తర్వాత పిస్టన్ పట్టేస్తుంది. క్రాంక్ బేరింగుల చప్పుడు, కార్బ్యురేటర్ లోపాలు, వేడెక్కాక పనిచేయడం మానేసే ఇగ్నిషన్ యూనిట్ కూడా గేజ్‌కు దొరకవు.

కింది గేర్ల పెట్టెను తప్పకుండా చూడాలి. అడుగు స్క్రూ కొద్దిగా వదులు చేసి నాలుగు చుక్కల ఆయిల్ బయటకు రానివ్వాలి. అది పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీరు వెళ్లినట్టు. మెరిసే లోహపు రజను కనిపిస్తే గేర్లు అరుగుతున్నట్టు. వేట పడవల్లో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంటుంది. తెగిన నైలాన్ వల పోగులు ప్రొపెల్లర్ వెనుక ఇరుసుకు చుట్టుకుని సీలును కోసేస్తాయి. ప్రొపెల్లర్ విప్పి చూస్తే ఆ పోగులు అక్కడే దొరుకుతాయి. పూర్తిగా నీట మునిగిన చరిత్ర ఉన్న ఇంజిన్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తుపాను, వరద తర్వాత అమ్మకానికి వచ్చే ఇంజిన్లలో ఇలాంటివి ఉండవచ్చు. పైకప్పు లోపలి మూలల్లో ఎండిన బురద, విద్యుత్ కనెక్టర్లలో పచ్చటి తుప్పు దాగి ఉన్నాయేమో చూడాలి.

చివరి పరీక్ష నీటిలోనే. ఇంజిన్‌ను పడవకు బిగించి, నిజంగా వేటకు వెళ్లేంత బరువుతో కనీసం అరగంట నడపాలి. పూర్తి థ్రాటిల్ వద్ద ఆ మోడల్‌కు కంపెనీ చెప్పిన వేగాన్ని అందుకుంటోందా, వేడెక్కాక ఆపి వెంటనే మళ్లీ స్టార్ట్ చేస్తే పలుకుతోందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. నీటి పరీక్షకు అమ్మే వ్యక్తి ఒప్పుకోకపోతే, ఆ ఇంజిన్‌కు ఎంత తక్కువ ధర చెప్పినా ఆలోచించవలసిందే.

బేరం కుదిరే ముందు

కంప్రెషన్ తక్కువగా ఉన్న ఇంజిన్‌ను కొనకూడదన్న నియమం లేదు. లోపం తెలిసి, దానికి తగిన ధరకు కొనడం వేరు, తెలియక మంచి ఇంజిన్ ధర చెల్లించడం వేరు. రింగులు, పిస్టన్, గాస్కెట్, బోరు ఖర్చు ఎంతవుతుందో స్థానిక వర్క్‌షాపులో ముందే కనుక్కుంటే ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమని అడగవచ్చు. పరీక్ష అంకెలను తేదీతో సహా కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేస్తే తర్వాత వివాదాలు తగ్గుతాయి. ఆ కాగితం కొనేవారికి మరోలా కూడా పనికొస్తుంది. ఆరు నెలల తర్వాత అదే గేజ్‌తో మళ్లీ పరీక్షిస్తే ఇంజిన్ ఎంత వేగంగా అరుగుతోందో స్పష్టంగా తెలుస్తుంది.

ఇంజిన్ మీద చెక్కిన క్రమసంఖ్య బిల్లులోని సంఖ్యతో సరిపోవాలి. ఆ సంఖ్య ఉన్న రేకు పీకేసి ఉన్నా, గీకేసి ఉన్నా అది దొంగిలించిన ఇంజిన్ అయ్యే ప్రమాదం ఉంది. విడిభాగాల సంగతీ ముందే చూసుకోవాలి. అవుట్‌బోర్డ్‌లకు ఆద్యుడైన ఎవిన్‌రూడ్ పేరుతో శతాబ్దానికి పైగా నడిచిన ఇంజిన్ల తయారీని దాని యాజమాన్య సంస్థ బీఆర్‌పీ 2020లో నిలిపివేసింది. పేరు పెద్దదైనంత మాత్రాన పిస్టన్ దొరుకుతుందన్న హామీ లేదు. సమీప పట్టణంలో ఏ మోడల్‌కు రింగులు, గాస్కెట్, నీటి పంపు రబ్బరు చక్రం అరలో సిద్ధంగా ఉన్నాయో దుకాణదారును అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే బయానా ఇవ్వడం మంచిది.